గండికోట ఎండకూ పెళ్లి పందిరికీ ఏ వ్యూఫైండర్? మీ కంటికి కుదిరేది ఎంచుకునే పద్ధతి

కెమెరా కొనేముందు దాని వ్యూఫైండర్‌లో, అంటే ఫ్రేమ్ చూసుకునే కిటికీలో, కన్ను పెట్టి కనీసం పది నిమిషాలు చూడాలి. ఆ పది నిమిషాల్లో ఏం గమనించాలి, గమనించినదాన్ని బట్టి ఎలా తేల్చుకోవాలి, కొన్నాక దాన్ని మన కంటికి ఎలా కుదుర్చుకోవాలి అన్నది ఇక్కడ వరుసగా చెబుతాను. ఫోటోలో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో మనం తేల్చుకునేది ఫైండర్‌లోనే. అది కంటికి ఇబ్బందిగా ఉంటే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా మనసు ఫ్రేమ్ మీద నిలవదు.

నేను కడపలో ఉంటాను. గండికోట, సిద్దవటం, ఒంటిమిట్ట, పుష్పగిరి చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తాను. తెలిసినవాళ్ల పెళ్లిళ్లకూ కెమెరా పట్టుకుని వెళ్తాను. అందుకే ఉదాహరణలన్నీ ఇక్కడివే. నా ఇష్టం ముందే చెప్పేస్తాను: అద్దం ఉన్న కెమెరాలోని ఆప్టికల్ ఫైండర్ (లెన్స్‌లోంచి వచ్చే కాంతినే కంటికి చూపేది) అంటే నాకు ప్రాణం. అలాగని అందరూ అదే కొనాలని అనను. ఇద్దరు మంచి ఫోటోగ్రాఫర్లకు రెండు వేర్వేరు ఫైండర్లు నచ్చాయంటే దానికి కారణం చాలావరకు వాళ్ల కళ్లలో, వాళ్లు తీసే వెలుతురులో ఉంటుంది. అందుకని కెమెరా కన్నా ముందు కంటి సంగతి చూద్దాం.

మొదటి అడుగు: మీ కన్ను గురించి తెలుసుకోండి

రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చిన్న త్రికోణం చేయండి. చేతులు ముందుకు చాపి, ఆ సందులోంచి దూరంగా ఉన్న ఒక వస్తువును, టవరో గుడి శిఖరమో, రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు ఆ వస్తువు సందులోనే నిలబడి ఉంటుందో అది మీ ప్రధానమైన కన్ను. ఫైండర్‌కు సహజంగా ఆనేది అదే.

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, ఫైండర్ కెమెరాలో ఎక్కడ ఉందన్నది దీనితో ముడిపడి ఉంటుంది. సోనీ ఏ6400, ఏ7సీ లాంటి వాటిలో ఫైండర్ ఎడమ మూలన ఉంటుంది. కుడికన్ను వాళ్లకు ఇది చాలా హాయి. ముక్కు కెమెరా పక్కకు వెళ్లిపోతుంది, ఎడమకన్ను తెరిచే ఉంచి చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూసుకోవచ్చు. ఎడమకన్ను వాళ్లకు ఆ లాభం పోతుంది. కెమెరా ముఖాన్ని మొత్తం కప్పేస్తుంది, ముక్కు వెనక స్క్రీన్‌కు ఒత్తుకుంటుంది. టచ్ ఫోకస్ ఆన్‌లో ఉంటే ముక్కు తగిలి ఫోకస్ పాయింట్ ఎక్కడికో పోతుంది. ఎడమకన్ను వాళ్లు మధ్యలో ఫైండర్ ఉన్న కెమెరా చూసుకోవడం మంచిది. కంటి దగ్గర పెట్టినప్పుడు టచ్ పనిచేయకుండా సెట్టింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

తర్వాత కళ్లజోడు. ప్రతి ఫైండర్‌కూ ఐ పాయింట్ అని ఒక కొలత ఉంటుంది. ఐపీస్ (కన్ను ఆన్చే గాజు) నుంచి కన్ను ఎంత దూరంలో ఉన్నా ఫ్రేమ్ మొత్తం కనిపిస్తుందో మిల్లీమీటర్లలో చెప్పే లెక్క అది. నికాన్ డీ850లో అది 17 మి.మీ., సోనీ ఏ7 3లో 23 మి.మీ. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు 20 మి.మీ. దాటితే సుఖం. అంతకన్నా తక్కువైతే మధ్యభాగం కనబడుతుంది గానీ మూలలు కనబడవు. మూలలు చూడాలంటే కన్ను అటూ ఇటూ జరపాలి. కంపోజిషన్ అంటేనే అంచుల పని కాబట్టి ఇది చిన్న ఇబ్బంది కాదు.

కళ్లజోడు తీసేసి చూసేవాళ్లకు, ఫైండర్‌ను కంటి పవర్‌కు తగ్గట్టు సర్దే డయాప్టర్ చక్రం ఉంది. అయితే దానికి హద్దు ఉంటుంది. కెనాన్ 1500డీలో మైనస్ 2.5 నుంచి ప్లస్ 0.5 వరకే తిరుగుతుంది. మీ పవర్ మైనస్ 4 అయితే జోడు పెట్టుకునే చూడాలి. సిలిండర్ పవర్ ఉన్నా అంతే, డయాప్టర్ దాన్ని సరిచేయదు.

నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. వెనక స్క్రీన్‌ను మనం అడుగు, అడుగున్నర దూరంలో పట్టుకుని చూస్తాం. చత్వారం ఉన్న కంటికి అది మసక. ప్రతి ఫోటోకూ జేబులోంచి జోడు తీయాలి, పెట్టాలి, మళ్లీ దించాలి. ఫైండర్‌లోని బొమ్మ మాత్రం దాదాపు మీటరు దూరంలో ఉన్నట్టు కంటికి అందుతుంది, డయాప్టర్‌తో ఇంకా సర్దుకోవచ్చు. చత్వారం వచ్చాక ఫైండర్ లేని కెమెరా కొనడం నా లెక్కలో తప్పు. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటివి వీడియోకు మంచి కెమెరాలే కానీ వాటికి ఫైండరే లేదు. ధర చూసి తొందరపడొద్దు.

రెండో అడుగు: మీరు నిజంగా ఏ వెలుతురులో తీస్తారో చూడండి

ఫోన్‌లో, పాత మెమరీ కార్డుల్లో ఉన్న ఫోటోలు ఒకసారి తిరగేయండి. మనం తీయాలనుకునేవి వేరు, నిజంగా తీసేవి వేరు. ఎక్కువ భాగం ఎండలో తీసినవా, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసినవా, ఫంక్షన్ హాల్లో తీసినవా? కదిలేవా, కదలనివా? నిలబడి తీసినవా, కిందికి వంగి తీసినవా? ఈ జవాబులు కాగితం మీద రాసుకుంటే తర్వాతి అడుగు సులభం.

మన జిల్లా వెలుతురుకు ఒక స్వభావం ఉంది. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిదికే ఎండ కళ్లలోకి కొడుతుంది. 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఎండలో ఫోన్ స్క్రీన్ మీద, కెమెరా వెనక స్క్రీన్ మీద బొమ్మ వెలిసిపోతుంది. మన చొక్కా రంగు, మన ముఖమే అందులో కనిపిస్తాయి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంకో చిక్కు: కెమెరాను అడ్డంగానో నిలువుగానో తిప్పినప్పుడు కొన్ని స్క్రీన్లు నల్లగా అయిపోతాయి. బయటే ఎక్కువగా తీసేవాళ్లకు కంటికి ఆన్చుకునే ఫైండర్ ఏదో ఒకటి ఉండి తీరాలి. అది ఆప్టికలా, చిన్న తెర మీద బొమ్మ చూపే ఎలక్ట్రానిక్‌నా అన్నది ఆ తర్వాతి మాట.

మూడో అడుగు: రకాలను పేరుతో కాదు, అవి చూపించే తీరుతో అర్థం చేసుకోండి

ఆప్టికల్ ఫైండర్ గురించి ముందు. డీఎస్ఎల్ఆర్‌లో, అంటే అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలో, లెన్స్‌లోంచి వచ్చిన కాంతి అద్దం మీద పడి, పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మీదికి వెళ్లి, అక్కడినుంచి పెంటాప్రిజంలో తిరిగి కంటికి చేరుతుంది. ప్రిజం లేకపోతే కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఖరీదైన వాటిలో అది ఒకే గాజు ముద్ద. తక్కువ ధర కెమెరాల్లో దాని బదులు చిన్న అద్దాలు అతికిస్తారు, దాన్నే పెంటామిర్రర్ అంటారు. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500 ఆ రకమే. పెంటామిర్రర్‌లో బొమ్మ కొంచెం మసగ్గా, చిన్నగా, సొరంగం చివర్లో ఉన్నట్టు కనిపిస్తుంది. "ఆప్టికల్ నాకు నచ్చలేదు" అనేవాళ్లలో చాలామంది చూసింది పెంటామిర్రరే. ఒక మంచి పెంటాప్రిజంలోంచి చూసి అప్పుడు మాట్లాడండి.

ఆప్టికల్‌లో నాకు నచ్చేది ఇది: కంటికీ దృశ్యానికీ మధ్య బ్యాటరీతో పని ఉండదు, ఆలస్యం ఉండదు. కెమెరా ఆపేసి ఉన్నా ఫ్రేమ్ చూసుకుంటూ పొద్దు పొడిచే దాకా కూర్చోవచ్చు. నికాన్ డీ3500 ఒక చార్జింగ్‌తో 1,550 ఫోటోలు తీస్తుందని కంపెనీ లెక్క. అదే లెక్క ప్రకారం సోనీ ఏ7 3 ఫైండర్‌తో 610, వెనక స్క్రీన్‌తో 710 తీస్తుంది.

లోపాలూ ఉన్నాయి. షట్టర్ పడే క్షణంలో అద్దం పైకి లేస్తుంది కాబట్టి సరిగ్గా ఫోటో పడే క్షణం మనకు కనిపించదు. తాళి ముడి పడుతున్నప్పుడు మూడు ఫోటోలు వరుసగా తీస్తే మూడుసార్లు చీకటి. పైగా ఫోకసింగ్ స్క్రీన్ సుమారుగా ఎఫ్ 2.8 దాకా ఉండే ఫోకస్ లోతునే చూపిస్తుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది, పదునుగా వచ్చే లోతు తగ్గుతుంది). ఎఫ్ 1.4 లెన్స్ పెట్టి పెళ్లికూతురి ముఖం తీస్తే ఫైండర్‌లో రెండు కళ్లూ స్పష్టంగా కనిపిస్తాయి, ఫోటోలో ఒక కన్ను మసకబారి ఉంటుంది. ఎక్స్‌పోజర్ కూడా, అంటే ఫోటో ఎంత వెలుగుగా పడుతుందో కూడా, చూపించదు, మీటరు గీతను నమ్ముకోవాలి.

ఎలక్ట్రానిక్ ఫైండర్ ఈ లోపాలను చాలావరకు తీరుస్తుంది. కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ చూసేదాన్నే చిన్న తెర మీద చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) ముందే తెలుస్తాయి. వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్ ఉంటుంది, ఫోకస్ దగ్గర పెద్దది చేసి చూసుకోవచ్చు, అడ్డగీత సమంగా ఉందో లేదో చెప్పే లెవెల్ ఉంటుంది. ఒంటిమిట్ట కోదండరామాలయంలో రంగమంటప స్తంభాలను తీసేటప్పుడు ఈ లెవెల్ విలువ తెలుస్తుంది. కెమెరా ముక్కు కొంచెం పైకెత్తితే చాలు, స్తంభాలన్నీ లోపలికి వాలిపోతాయి.

ఇక్కడ గండికోట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రెండు ఫైండర్ల తేడా అక్కడ తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ అది. పొద్దున ఆకాశం మెరిసిపోతుంటుంది, కింద నీళ్ల దగ్గర ఇంకా నీడ. ఆప్టికల్‌లోంచి చూస్తే మన కన్ను రెండింటినీ సర్దుకుంటుంది. నీడలో రాళ్ల పొరలు, ఆకాశంలో మబ్బు అంచులు రెండూ కనిపిస్తాయి. ఆ అందానికి మురిసి షట్టర్ నొక్కుతాం. సెన్సార్‌కు అంత పట్టు ఉండదు, ఆకాశం తెల్లగా పోతుంది, లేదా లోయ నల్లగా ముద్దవుతుంది. ఎలక్ట్రానిక్ ఫైండర్ ఆ నిజాన్ని అక్కడే చెప్పేస్తుంది. అయితే అది చూపించేది జేపెగ్ రూపాన్ని, అంటే కెమెరా తయారుచేసి ఇచ్చే ఫోటోను. సెన్సార్ పట్టినదంతా ఉండే రా ఫైల్‌లో నీడల్లో ఇంకా చాలా వివరం దాగి ఉంటుంది. ఫైండర్‌లో లోయ నల్లగా ఉందని భయపడి ఎక్స్‌పోజర్ పెంచేస్తే ఆకాశాన్ని పోగొట్టుకుంటాం, పోయిన ఆకాశం తిరిగి రాదు. అందుకని ఎలక్ట్రానిక్ వాడేవాళ్లు గండికోటలో బొమ్మ వెలుగును నమ్మకుండా హిస్టోగ్రామ్ కుడి అంచును (వెలుగు వైపును) చూడాలి. ఆప్టికల్ వాడేవాళ్లు ఒక ఫోటో తీసి, స్క్రీన్ మీద చేయి అడ్డం పెట్టుకుని అదే అంచు చూసుకోవాలి.

నేను అక్కడ కూడా ఆప్టికల్‌నే వాడతాను. లోయ నీడలో ఏముందో కంటితో చూస్తేనే ఫ్రేమ్‌లో దానికి ఎంత చోటివ్వాలో నాకు తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ లెక్క తర్వాత చేసుకుంటాను. ఫలితాన్ని ముందే చూస్తేనే నిర్ణయం తీసుకోగలిగే మనిషి మీరైతే ఎలక్ట్రానిక్ మీకు బాగా కుదురుతుంది. రెండూ మంచి పద్ధతులే.

ఎలక్ట్రానిక్‌తో మూడు చోట్ల జాగ్రత్త. చీకటిలో అది బొమ్మను బలవంతంగా వెలిగిస్తుంది, గింజలు కనిపిస్తాయి, కదలిక ఆలస్యంగా సాగినట్టు ఉంటుంది. ఒంటిమిట్ట సీతారాముల కల్యాణం రాత్రి పూట జరుగుతుంది కదా, వేదిక మీది వెలుగుకూ జనం ఉన్న చీకటికీ మధ్య ఫైండర్‌ను తిప్పితే ఈ ఇబ్బంది బాగా తెలుస్తుంది. రెండోది, ఫంక్షన్ హాళ్లలోని కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద చారలు, మినుకులు కనిపించవచ్చు. మూడోది ఎండ. మిట్టమధ్యాహ్నం ఎండకు అలవాటైన కన్ను ఫైండర్‌లో పెట్టగానే తెర చీకటిగా అనిపిస్తుంది. రెండు మూడు సెకన్లు ఆగాలి. ఆ ఆగడం తెలియక ఎక్స్‌పోజర్ పెంచేవాళ్లు చాలామంది.

మిగతా రకాలు త్వరగా చెబుతాను.

వెనక స్క్రీన్, ఫోన్ స్క్రీన్: చేయి చాపి చూస్తాం కాబట్టి దృశ్యం చదునైన బొమ్మలా కనబడుతుంది, నాలుగు అంచులూ ఒకేసారి కంటికి అందుతాయి. నీడపట్టున నింపాదిగా కంపోజ్ చేయడానికి ఇది నిజంగా మంచి పద్ధతి, చిన్నచూపు అక్కర్లేదు. చేతులు చాచడంవల్ల వణుకు ఎక్కువ, ఎండలో పనికిరాదు. మడిచే స్క్రీన్ ఉంటే పిల్లల ఎత్తులో, నేలమట్టంలో తీయడానికి దానికి సాటి లేదు. వాన వెలిశాక కడప బండలు పరిచిన వాకిట్లో తడి మీద పడే నీడలు తీసి చూడండి.

నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసే ఫైండర్: 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్, ఆ తర్వాతి యాషికా లాంటి రెండు కళ్ల కెమెరాలవి. బొమ్మ పెద్దగా, గాజు పలక మీద గీసినట్టు కనబడుతుంది గానీ కుడి ఎడమలు తారుమారు. మనిషి కుడికి నడిస్తే ఫైండర్‌లో ఎడమకు పోతాడు. అలవాటు కావడానికి టైం పడుతుంది. కానీ మనుషుల్ని తీయడానికి దీని మర్యాద వేరు. మనం తలవంచి చూస్తాం, ఎదుటివాళ్ల ముఖానికి ముఖం అడ్డం పడదు. పల్లెల్లో పెద్దవాళ్లు "ఏం తీచ్చాండావు నాయనా?" అని దగ్గరికి వచ్చి వాళ్లే ఆ గాజులోకి తొంగి చూస్తారు. మాట కలుస్తుంది, ఫోటో తర్వాత వస్తుంది. ఫిల్మ్ కెమెరా అక్కర్లేదు, మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరా స్క్రీన్‌ను పైకి మడిచి నడుము దగ్గర పట్టుకుంటే చాలావరకు ఇదే అనుభవం.

రేంజ్‌ఫైండర్: లైకా ఎం3 1954లో వచ్చింది, ఆ వంశమే ఇంకా నడుస్తోంది. ఫైండర్ లెన్స్‌తో సంబంధం లేకుండా పక్కన ఉంటుంది. తీసే భాగాన్ని తెల్లగీతలు చూపిస్తాయి, వాటి బయట కూడా కనిపిస్తుంది. ఫ్రేమ్‌లోకి ఎవరు రాబోతున్నారో ముందే తెలుస్తుంది. కడప ఏడు రోడ్ల కూడలి లాంటి చోట ఇది గొప్ప సౌకర్యం. దగ్గరి వస్తువులకు గీతలు ఖచ్చితంగా సరిపోవు, జూమ్‌కు పనికిరాదు, ధర మన అందుబాటులో ఉండదు. ఆప్టికల్, ఎలక్ట్రానిక్ రెండూ ఒకే ఐపీస్‌లో కలిపిన ఫుజీఫిల్మ్ ఎక్స్100 వరుస, 2011 నుంచి వస్తోంది, ఆ రుచి కొంత చూపిస్తుంది. ఏ కెమెరాతోనైనా రెండు కళ్లూ తెరిచి చూడటం నేర్చుకుంటే సగం లాభం ఉచితం.

పెద్ద ఫిల్మ్ కెమెరాల గాజు పలక మీద బొమ్మ తలకిందులుగా ఉంటుంది. మనకు ఆ కెమెరా దొరక్కపోయినా దాని పాఠం వాడుకోవచ్చు. తీసిన ఫోటోను ఫోన్‌లో తలకిందులుగా తిప్పి చూడండి. గోపురం గోపురంగా కాకుండా ఒక ఆకారంగా కనబడుతుంది, ఏ పక్క బరువు ఎక్కువైందో వెంటనే తెలుస్తుంది.

నాలుగో అడుగు: అంకెలను సరిగ్గా చదవండి

మూడు అంకెలు చాలు. మొదటిది కవరేజ్. 100 శాతం అంటే ఫైండర్‌లో ఉన్నదే ఫోటోలో ఉంటుంది. 1959 నాటి నికాన్ ఎఫ్‌లోనే అది ఉంది. 95 శాతం అంటే చిన్న తేడా అనిపిస్తుంది, కానీ అది పొడవులోనూ వెడల్పులోనూ వేరువేరుగా 95. రెండూ గుణిస్తే విస్తీర్ణంలో సుమారు పదో వంతు కనపడకుండా ఫోటోలోకి వస్తుంది. గుడి పక్కన కరెంటు స్తంభం, పందిరి అంచున కూల్ డ్రింక్ కేసు ఆ పదో వంతులోంచే దూరతాయి.

రెండోది మ్యాగ్నిఫికేషన్, బొమ్మ ఎంత పెద్దగా కనబడుతుందన్న లెక్క. ఇక్కడ చాలామంది మోసపోతారు. నికాన్ డీ7500కు 0.94, డీ850కి 0.75 అని రాసి ఉంటుంది. చూడగానే మొదటిదే పెద్దది అనిపిస్తుంది. రెంటినీ 50 మి.మీ. లెన్స్‌తోనే కొలుస్తారు, కానీ డీ7500 సెన్సార్ చిన్నది. దాని అంకెను 1.5తో భాగించాలి, అప్పుడు 0.63 వస్తుంది. కెనాన్ చిన్న సెన్సార్లకు 1.6తో భాగించాలి: 1500డీ 0.8 కాస్తా 0.5 అవుతుంది. మిర్రర్‌లెస్‌లలోనూ ఇదే లెక్క, అయితే కొన్ని కంపెనీలు ఫుల్ ఫ్రేమ్‌కు (డీ850 లాంటి పెద్ద సెన్సార్‌కు) మార్చిన అంకెనే ముందు రాస్తాయి. ఏది రాశారో చూసి పోల్చండి. 0.7 దాటితే హాయిగా ఉంటుంది. 0.8 దాటినవి కళ్లజోడు వాళ్లకు ఒక్కోసారి మరీ పెద్దవవుతాయి, మూలలు అందవు.

మూడోది ఎలక్ట్రానిక్ ఫైండర్ చుక్కలు. 23.6 లక్షల చుక్కలు అంటే 23.6 లక్షల పిక్సెళ్లు కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్. అంటే అది 1024 బై 768 తెర. 36.9 లక్షలంటే 1280 బై 960, 57.6 లక్షలంటే 1600 బై 1200. సోనీ ఏ7ఆర్ 5లో ఉన్న 94.4 లక్షలు 2048 బై 1536. కంపోజిషన్ వరకైతే 23.6 లక్షలతో పని జరిగిపోతుంది. డబ్బులుంటే నా సలహా 36.9 లక్షల తరగతి, సెకనుకు 120 సార్లు మారే తెర. చుక్కల కన్నా ఈ మారే వేగమే కంటికి ఎక్కువ విశ్రాంతినిస్తుంది.

ఐదో అడుగు: చేతిలోకి తీసుకుని పరీక్షించండి

మనకు కావాల్సిన మోడల్ కడపలో ప్రతిసారీ చూడ్డానికి దొరకదు. బెంగళూరు, హైదరాబాద్ వెళ్లినప్పుడు చూడొచ్చు. అంతకన్నా మంచిది, ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్లిళ్లు లేనప్పుడు తెలిసిన స్టూడియో అన్నను అడగడం. "అన్నా, ఒక పూట నీ కెమెరాలో చూస్తా" అంటే సాధారణంగా కాదనరు.

ముందు డయాప్టర్ సరిచేసుకోండి. ఏమీ లేని గోడవైపు కెమెరా పెట్టి, లోపల కనిపించే అక్షరాలు, ఫోకస్ గుర్తులు పదునుగా అయ్యేదాకా చక్రం తిప్పండి. గోడను చూడొద్దు, అక్షరాలనే చూడండి. ఈ పని చేయకుండా ఫైండర్ బాగాలేదని తేల్చడం అన్యాయం.

తర్వాత కన్ను కదపకుండా నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా చూడండి. కెమెరా నిలువుగా తిప్పి మళ్లీ చూడండి, కళ్లజోడు వాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే బయటపడుతుంది. తలుపు చట్రం సరిగ్గా ఫ్రేమ్ అంచులకు తగిలేలా పెట్టి ఫోటో తీయండి. ఫోటోలో చట్రం బయట ఎంత అదనంగా వచ్చిందో అదే కవరేజ్ తేడా. రోడ్డు మీద పోయే బైకును పది సార్లు వెంబడించండి. ఎలక్ట్రానిక్‌లో బండి తోక సాగితే తెలుస్తుంది. లోపలి చీకటి నుంచి బయటి ఎండకు తిప్పండి, మళ్లీ లోపలికి. కన్ను ఆన్చినప్పుడు స్క్రీన్ నుంచి ఫైండర్‌కు మారడానికి ఎంతసేపు పడుతోందో గమనించండి. ఆ ఆలస్యం కొందరికి అస్సలు తెలియదు, కొందరికి ప్రాణం విసుగు. చివరగా ఐదు నిమిషాలు కన్ను తీయకుండా చూడండి. తల బరువెక్కినా, కన్ను లాగినా ఆ కెమెరా మీది కాదు. అంకెలు ఎంత గొప్పగా ఉన్నా సరే.

ఆరో అడుగు: కొన్నాక సర్దుబాట్లు

ఎలక్ట్రానిక్ వాళ్లు ముందు ఫైండర్ వెలుగును ఆటో నుంచి తీసేసి ఒక స్థాయిలో స్థిరంగా పెట్టుకోండి, లేకపోతే ఎక్స్‌పోజర్ అంచనా రోజుకో రకంగా ఉంటుంది. స్క్రీన్‌కు సోనీలో సన్నీ వెదర్ అని ప్రత్యేక వెలుగు ఉంటుంది, ఎండాకాలం అది పెట్టుకోవచ్చు.

ఫ్లాష్‌తో పెళ్లిళ్లు తీసేవాళ్లు ఎక్స్‌పోజర్ ప్రివ్యూను, అంటే ఫోటో వెలుగును ఫైండర్‌లో ముందే చూపే సౌకర్యాన్ని, ఆపేయాలి. మాన్యువల్‌లో ఫ్లాష్‌కు తగ్గ సెట్టింగులు పెడితే, ఫ్లాష్ వెలుగు లేని దృశ్యం ఫైండర్‌లో నల్లగా కనిపిస్తుంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్, సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్. ఈ ఆన్, ఆఫ్‌ను ఒక బటన్‌కు కేటాయించుకోండి. జీలకర్ర బెల్లం సమయంలో మెనూలో వెతుక్కునే టెన్షన్ ఎవరికీ వద్దు.

ఫైండర్ లోపల గుర్తులన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. నేను సలహా ఇచ్చేది మూడు భాగాల గీతలు, లెవెల్, చిన్న హిస్టోగ్రామ్, అంతే. ఇంకో పేజీలో ఏ గుర్తులూ లేని ఖాళీ ఫ్రేమ్ పెట్టుకుని, షట్టర్ నొక్కేముందు దానికి మారండి. ఆప్టికల్ వాళ్లకు ఆ ఖాళీ ఎప్పుడూ ఉంటుంది, నా ఇష్టానికి అదీ ఒక కారణం.

ఆప్టికల్ వాళ్లు రెండు చేయాలి. ఫోకస్ లోతు చూపించే బటన్ మీ కెమెరాలో ఉంటే దాన్ని వాడటం అలవాటు చేసుకోండి. ట్రైపాడ్ మీద టైమర్ పెట్టి దూరంగా నిలబడినప్పుడు ఐపీస్‌ను మూయండి. వెనకనుంచి దూరే వెలుతురు మీటరును తప్పుదారి పట్టిస్తుంది.

ఏడో అడుగు: ఫైండర్‌లో కంపోజ్ చేసే సాధన

ఏ రకమైనా సాధన ఒకటే. కన్ను ఆన్చగానే మధ్యలో ఉన్నదాన్ని చూడటం అందరి అలవాటు. దాన్ని తిరగేయాలి. ముందు పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి ఒక చుట్టు తిరగండి. ఏది కోసుకుపోతోంది, ఏది దూరుతోంది చూసి, ఒక అడుగు జరిగో వంగో సరిచేసి, అప్పుడు మధ్యకు రండి. సిద్దవటం కోట గోడలు దీనికి మంచి బడి: రాళ్ల వరుసలు, బురుజు వంపు, ఆకాశం, మూడే విషయాలు. పుష్పగిరి దగ్గర పెన్న ఒడ్డున, నీళ్లున్న కాలంలో, ఒడ్డు గీతను ఫ్రేమ్‌లో పైకీ కిందికీ జరుపుతూ అదే గుడిని తీసి చూడండి.

గండికోటలో ఒక నియమం తప్పనిసరి. కన్ను ఫైండర్‌లో ఉండగా అడుగు కదపొద్దు. లోయ అంచున చాలాచోట్ల పిట్టగోడలు లేవు, రాళ్లు ఎగుడుదిగుడు. వైడ్ లెన్స్‌లో అంచు నిజంగా ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. కెమెరా దించి, కిందికి చూసి, అడుగు వేసి, మళ్లీ ఎత్తాలి. వెంట వచ్చినవాళ్లకూ ఇది చెప్పండి.

సూర్యుడి సంగతి కూడా. ఆప్టికల్ ఫైండర్‌లోంచి, అందులోనూ టెలిఫోటో లెన్స్‌తో, సూర్యుణ్ని నేరుగా చూస్తే కన్ను దెబ్బతింటుంది. ఎలక్ట్రానిక్‌లో ప్రమాదం తిరగబడుతుంది: కెమెరాను మెడలోనో బండి మీదో ఐపీస్ ఎండవైపు ఉండేలా వదిలేస్తే, ఐపీస్ గాజు ఎండను లోపలి తెర మీద కేంద్రీకరించి మచ్చ పడేలా కాలుస్తుంది. మన ఎండలకు ఎక్కువసేపు అక్కర్లేదు. దించగానే ఐపీస్ ఒంటివైపు తిప్పుకోండి, లేదా పైన గుడ్డ వేయండి.

పాత కెమెరా కొంటున్నారా

పెంటాప్రిజం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్‌లు ఇప్పుడు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఆప్టికల్ మీద మనసున్నవాళ్లకు ఇది మంచి అవకాశం. లెన్స్ తీసి ఫోకసింగ్ స్క్రీన్ మీద గీతలున్నాయా చూడండి. ఫైండర్‌లో కనిపించే దుమ్ము ఫోటోలో రాదు, దానికి భయపడొద్దు, దాన్ని అడ్డం పెట్టి బేరమాడొచ్చు. పాదరసం మరకల్లా నల్లటి మచ్చలు, సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే మాత్రం వదిలేయండి. ఎలక్ట్రానిక్ అయితే తెల్లగోడ చూపించి తెర మీద కాలిన మచ్చలు, రంగు తేడాలు వెతకండి. కన్ను ఆన్చగానే స్క్రీన్ నుంచి ఫైండర్‌కు మార్చే కన్ను సెన్సార్‌ను చేత్తో మూసి తెరిచి మారుతోందో లేదో చూడండి. ఐపీస్ చుట్టూ ఉన్న రబ్బరు చిరిగిపోయి ఉంటే అది ముందు మార్చండి. పక్కనుంచి వచ్చే ఎండను ఆపేది అదే. వేసవిలో చెమట అంటి ఐపీస్ మసకబారుతుంది కాబట్టి జేబులో మెత్తటి గుడ్డ ఒకటి ఉంచుకోండి. చొక్కా కొంగుతో తుడిస్తే మన దుమ్ముకు గాజు మీద గీతలు పడతాయి.